పచ్చలైటూ, పులిసిన తొట్టీ

మా అమ్మ ఎనిమిదేళ్లు పొగ లేకుండా వండుకుంది. తర్వాత మళ్లీ పొగలోకి వెళ్లింది. పంపింది నేనే.

తొంభైల్లో నాన్న పెరట్లో పేడ గ్యాసు తొట్టి కట్టించాడు. అంతకు ముందు అమ్మకు సీమకరువేలం తుమ్మకట్టెలే గతి. పొద్దస్తమానం దగ్గు, ఎర్రటి కళ్లు. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ దగ్గు పోయింది. నేను విరుదునగర్‌లో పాలిటెక్నిక్ ఆఖరి ఏడు చదివేనాటికి కరువొచ్చి కొట్టంలో రెండావులే మిగిలాయి. పేడ చాలక మంట చిక్కిపోయింది. కాఫీ కాగేది గానీ అన్నం ఉడికేది కాదు.

నేను తగుదునమ్మా అని బయల్దేరాను. ప్రాజెక్టు కోసం చవకలో ఒక సెన్సరు పెట్టె చేశాను. ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు, వేర్వేరు ఎత్తుల్లో మూడు తీగలు. తొట్టిలో ఒత్తిడి పెరిగితే నీళ్లు లేచి తీగను తాకుతాయి, లైటు వెలుగుతుంది. కింద ఎరుపు, నడుమ పసుపు, పైన పచ్చ. పచ్చ వెలిగితే తొట్టి భేషుగ్గా ఉన్నట్టు. అలాగని పెట్టె మీద నేనే రాశాను.

మరి పచ్చ వెలగాలి కదా. మా ఊరు ఒట్టపిడారం దారిలో. శనివారం ఇంటికి పోతూ కోవిల్‌పట్టిలో దిగి, కడలమిఠాయి అనే పల్లీపట్టీ చేసేచోట బెల్లం బానలు కడిగిన నీళ్లు క్యానులో పట్టుకుపోయాను. తీపి తగిలితే గ్యాసు ఎక్కువ పుడుతుందని, పేడతో పాటు రోజూ ఒక చెంబు పొయ్యమని అమ్మకు చెప్పాను. మూడో వారానికి పచ్చ వెలిగింది. నా అంత తెలివైంది ఆ జిల్లాలో లేదనుకున్నాను.

అమ్మ అగ్గిపుల్ల గీసింది. పొయ్యి అంటుకోలేదు. ఇంకోటి గీసింది. భగ్గుమని ఆరిపోయింది. ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి వాసన చూసింది.

"ఇది పులిసిపొయ్యిందే," అంది.

"పచ్చ వెలగతా ఉంది గదమ్మా."

"దోసమావు మరీ పులిసినా పొంగుతాది. పొంగిన మావంతా దోసకి అయితాదా?"

నవ్వాను. పొయ్యి సరిగ్గా కడగలేదని కసిరి, రోజూ రెండు చెంబులు పొయ్యమన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. తీపి ఎక్కువైతే తొట్టి నిజంగానే పులుస్తుందనీ, అందులో మండని గాలి పుడుతుందనీ ఆ తర్వాత పుస్తకంలో చదివాను. నా గొట్టానికి ఏ గాలైనా ఒకటే. అప్పటికే తొట్టి చచ్చింది. ఖాళీ చేసి మళ్లీ నింపాలంటే బండ్లకొద్దీ పేడ కావాలి. ఉన్నవి రెండావులు.

ప్రాజెక్టుకి మార్కులు వెయ్యడానికి మా కాలేజీ సార్లు ఇద్దరు మా ఇంటికే వచ్చారు. పచ్చలైటు అప్పటికీ వెలుగుతోంది. దాన్ని ముందు నుంచీ పక్క నుంచీ చూసి మెచ్చుకున్నారు. పొయ్యి వెలిగించి చూపమని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఇప్పటికీ ఆ నోటిని తలుచుకుంటే నాకు రోత.

అమ్మ వంటింట్లో కరువేలం కట్టెలు ఎగదోసి కాఫీ కాచింది. దగ్గు ఆపుకుంటూ లోటాలు తెచ్చింది. నా లోటాలో పొగవాసన తెలుస్తూనే ఉంది. పెద్దసారు రెండు గుటకలు తాగి, గ్యాసు మీద కాచిన కాఫీ రుచే వేరు కదమ్మా అని అరవంలో అన్నాడు.

అమ్మ ఒకసారి నా మొహం చూసింది.

"ఆమా సార్," అని ఔనంది.

నేనూ తలూపాను.