బాంగు వినిపించిన నిమిషం

మైదుకూరులో మా ప్రహరీకి అవతలి ఇల్లు పసుపు కొట్లో కూలిచేసే ఒక ముస్లిం తల్లిది. ఆమె కూతుర్ని భర్త వదిలేశాడు. ఆ కూతురు గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలనుకుని రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చింది. ఆమె చదివిన బడిలోనే నేను గుమాస్తాను. ముప్పై నిండని ఆడవాళ్లను ఆ పనికి ప్రభుత్వం పంపదు. ఆమెకు ఇరవై ఏడు.

“పుట్టిన సంవత్సరం నాలుగేండ్లు వెనక్కి జరిపి సర్టిఫికెట్ రాయి చిన్నాయనా. నీ చేత్తో రాస్తే ఎవురూ అడగరు.”

నేను రాయలేదు. ఇరవై రెండేళ్లుగా ఒక్క కొట్టివేత లేకుండా రాసిన రిజిస్టరు అది. ఆ సంగతి డైరీలో కొంత గర్వంగానే రాసుకున్నాను. సరిగ్గా నలభై రోజులకు ఏజెంటు ఆమెను విజిట్ వీసాపై దుబాయికి విమానమెక్కించాడు. అక్కడి నుంచి కారులో సరిహద్దు దాటించి ఒక ఇంట్లో దింపారు. పాస్‌పోర్టు ఇంటివాళ్లు తీసుకున్నారు. అది ఒమన్ అని తోటి పనిపిల్ల చెప్పిందట. ఏ ఊరో ఆ పిల్లకూ తెలియదు. ఇద్దరినీ గేటు దాటనివ్వరు. నేను ఆ అబద్ధం రాసి ఉంటే ఆమె ప్రభుత్వం అనుమతితోనే పోయేది, యజమాని పేరూ చిరునామా ఉన్న కాగితం ఏదో ఒక కార్యాలయంలో ఉండేది.

కూతురు ఆ తోటి పిల్ల బటన్ల ఫోనులో, చవక కాలింగ్ కార్డుతో మాట్లాడేది. మా తెరపై ప్రతిసారీ వేరే నంబరు. తిరిగి చేస్తే కలవదు. పొద్దు గుంకగానే చేసే నమాజుకు సిద్ధం కావడానికి యజమానురాలు బాంగుకు ముందే లోపలికి పోయిన కాసేపే వీలు. అందువల్ల ప్రతి కాల్‌లోనూ ముందు నమాజుకు పిలిచే మసీదు బాంగు వినిపించేది. తల్లి ఫోను తెచ్చి మా అరుగు మీద స్పీకరు పెట్టేది. బాంగు మొదలైన నిమిషం నేను రాసుకునేవాణ్ణి. పడమటికి పోయేకొద్దీ పొద్దు ఆలస్యంగా గుంకుతుంది కనుక ఊరూరికీ రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది. పదకొండు కాల్స్‌ను ఒమన్ ఊళ్ల నమాజు వేళలతో పోల్చాక మూడు ఊళ్లు మిగిలాయి.

వాటితో గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రానికి ఫోను చేశాను.

“యజమాని పేరేం సార్? ఇంటి నంబరు?”

“అవి లేవు. బాంగు వేళను బట్టి...”

“మసీదు టైము పట్టుకోని ఎన్ని తలుపులు తట్టమంటారు సార్? పేరు కనుక్కోండి.”

పక్కనే ఉన్న తల్లికి చెప్పాను.

“మేడమ్ అని పిలిచే పిల్లకు పేరు యాడ తెలుస్తాదన్నా? ఇంటిపేరూ గోత్రమూ అడిగేదానికి అదేమన్నా పెండ్లి సంబంధమా?” అంది.

మొన్న శుక్రవారం కాల్ వచ్చింది. నిమిషం రాసుకుని, పేరు అడగడానికి ఫోను మీదికి వంగాను. ఆమే ముందు మాట్లాడింది.

“చిన్నాయనా, నన్ను వేరేవాళ్లకు ఇచ్చేసినారంట. రేపు కారొస్తాది.”

“ఏ ఊరికమ్మా?”

“తెలీదు. శానా దూరమంట. ఈ పిల్ల ఈడనే ఉంటాది. ఫోను దీనిది.”

తల్లి ఒక్కటే అడిగింది, తిన్నావా అని. తిన్నానమ్మా అంది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. కాల్ తెగింది. రెండు నిమిషాల పది సెకన్లు.

“అయితే ఆ మూడూర్లు ఇంగ పనికిరావా అన్నా?”

“పనికిరావమ్మా.”

తన ఫోను మా ఇంట్లో చార్జింగుకు పెట్టమంది. నిండిన తర్వాత కూడా తీయనివ్వలేదు.