భోగ్యం ఇల్లు

కరోనా వచ్చిన ఏడు, మొదటి కొన్ని నెలలు గడవగానే సండూరు రోడ్డు మీద ఖనిజం లారీలు మళ్లీ తిరగసాగాయి. నా స్టీలు సామాన్ల అంగడి మాత్రం తెరిచినా మూసినా ఒకటే. పెళ్లిళ్లు లేవు, బిందెలు కొనేవాళ్లు లేరు. ఉన్న గిన్నెలో ఏం వండాలన్నదే జనం దిగులు. మాదీ అదే.

ఉన్నది భోగ్యం ఇల్లు. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చాం కాబట్టి అద్దె లేదు. ఖాళీ చేసినప్పుడు ఆ మొత్తం తిరిగిస్తారు. గడువు తీరింది. ఇంటాయన వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"ఏందప్పా, ఏం చేస్తావు? ఖనిజం రేటు పెరిగిండాది. కంట్రాక్టరు మనుషులు ఇండ్లకోసం తిరగతాండారు, డబల్ ఇస్తామంటాండారు. నువ్వు పాతోడివి, అంత అడగను. ఇచ్చినదానికి ఇంకో సగం ఎయ్యి, ఉండు."

ఆ సాయంత్రం నా భార్య గాజులు తీసి నా ముందు పెట్టింది.

"ఈటిని కుదువ పెట్టు. బేరం ఆడొద్దు. ఆయన అడిగింది ఇచ్చేసి రా."

"అడిగినంత ఇచ్చేస్తే నేను మా నాయన కొడుకునేనా?"

"మీ నాయనకు సొంతిల్లు ఉన్నింది."

మర్నాడు గాజులు జేబులో వేసుకుని ఇంటాయన దగ్గరకు వెళ్లాను. సగం కాదు, పావు అన్నాను. "ఇది ఇల్లప్పా, బిందె కాదు" అని నవ్వాడు. నేను లేచాను.

మా బజారులో బేరానికి ఒక మర్యాద ఉంది. కొనేవాడు లేచి చెప్పులు వేసుకుంటాడు. మెట్టు దిగేలోపు అమ్మేవాడు "రాప్పా, కూర్చో" అని పిలవాలి. అక్కడే అసలు బేరం మొదలవుతుంది. అందుకే చెప్పులు తీరిగ్గా వేసుకున్నాను. ఒక చెప్పు పట్టీ సరిచేసుకున్నాను కూడా.

"సరేప్పా, నీ ఇష్టం" అన్నాడాయన.

సేద్యం వదిలి లారీలు కొన్న మనిషి. అంగడిలో పుట్టలేదు. లేచినవాడు వెళ్లిపోతున్నాడనే అనుకున్నాడు. నేనేమో అంగడిలో పుట్టినవాణ్ణి. అదే రోజు వెనక్కి తిరిగితే చులకనైపోతానని ఇంటికి నడిచాను.

"రేప్పొద్దున ఆయనే వస్తాడు చూడు" అని భార్యతో అన్నాను.

ఆయనే వచ్చాడు.

"రాత్రే కంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటినప్పా. నువ్వు వద్దని లేచిపోతివి కదా."

అడిగినంతా ఇస్తానన్నాను. గాజులు తీసి చూపించాను. ఇంకాస్త వేస్తానన్నాను, నా మాట మీద నేనే రేటు పెంచుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆయన నా వైపు చూడలేకపోయాడు.

"మాటిచ్చేస్తిని. ఇప్పుడు కాదంటే బాగుండదప్పా."

భోగ్యం దుడ్డు పైసా తగ్గకుండా చేతిలో పెట్టాడు. ఆ కబురు నేను సరుకు బాకీ ఉన్న బళ్లారి హోల్‌సేలు సేట్లకు సాయంత్రానికే చేరింది. బాకీలు పోగా మిగిలిన దానికి, గాజుల విలువ కలిపినా, సండూరులో ఇల్లు దొరకలేదు. ఉక్కు ఫ్యాక్టరీల పక్కనున్న కూరెకుప్పలో అడిగితే నవ్వారు. చివరకు అంగడి వెనక సరుకు పెట్టుకునే గదిలో చేరాం. కిటికీ లేదు. స్నానానికి నా భార్య తెల్లవారకముందే పక్కింటి తలుపు తట్టాలి. అమ్ముడుపోని బిందెలు ఒక పక్కకు జరిపి, మిగిలిన జాగాలో పొయ్యి పెట్టుకుంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే, ఏదో ఒకటి చెప్పి ఆ నిందను కాస్త తగ్గించుకునేవాణ్ణి.

ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాం.