శాంటా క్లారా దాటని ఆఫ్రికా డైరెక్టరు

మల్లికార్జునరావు గారు శాంటా క్లారాలో ఒక సబ్బుల కంపెనీకి ఆఫ్రికా మార్కెట్ల డైరెక్టరు. ఏ ఊళ్లో ఏ సబ్బు అమ్ముడుపోతుందో చెప్పడం ఆయన పని. ఆయన మాత్రం ఆ ఖండంలో అడుగు పెట్టలేదు, పెట్టమన్నా పెట్టరు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంది, టికెట్టుకి కంపెనీ డబ్బుంది. అయినా సరే, "ఆఫ్రికా అంతా ఇక్కడే ఉంటే అక్కడిదాకా ఎందుకండీ?" అంటారు.

ఆయన కింద పనిచేసే శ్రీవిద్యకి చేరిన కొత్తలో ఇదంతా తెలియదు.

"శ్రీవిద్యా, లాగోస్ వెళ్తున్నా. లంచ్‌కల్లా వచ్చేస్తా" అని ఆయన ఫోన్ చేస్తే బిత్తరపోయింది. తర్వాత అర్థమైంది. లాగోస్ అంటే సన్నీవేల్‌లోని నైజీరియా సరుకుల కొట్టు. అడిస్ అబాబా అంటే పక్కవీధిలోని ఇథియోపియా హోటలు. నైరోబీ అంటే నాలుగో అంతస్తులో కూర్చునే కెన్యా అకౌంటెంటు. "నైరోబీకి జలుబు చేసింది, ఇవాళ సర్వే క్యాన్సిల్" అని ఆయన గంభీరంగా చెప్పేవారు.

ఒకసారి శ్రీవిద్యని కూడా అడిస్ అబాబా తీసుకెళ్లారు.

"అమ్మా, మీరు బట్టలు ఏ సబ్బుతో ఉతుకుతారు?" అని హోటలు యజమానురాలిని అడిగారు.

"నేనిక్కడికి వచ్చి ఇరవై ఏళ్లయిందండీ. మెషీన్లో వేస్తాను."

"రాసుకో శ్రీవిద్యా! అడిస్ అబాబాలో వాషింగ్ మెషీన్లు బాగా పెరిగాయి."

లాగోస్ కొట్టు నడిపే చియోమా మాత్రం ఊరుకునే మనిషి కాదు. "ముందు ఆఫ్రికా, ఆఫ్రికా అనడం మానండి. నాది నైజీరియా. అందులో ఎనుగు అనే ఊరు. మీ బుల్లి సబ్బు చూస్తే నాకు హోటల్ బాత్రూమ్ గుర్తొస్తుంది. మేం బట్టలకి పొడుగాటి సబ్బు కడ్డీ కొని, కత్తితో ముక్కలు కోసుకుంటాం" అని దులిపేసింది.

"నిజమే సుమా! గుంటూరులో నచ్చింది గుల్బర్గాలో నచ్చాలని ఎక్కడుంది?" అని ఆయన మురిసిపోయి, ఆ సంతోషంలో ఓ బస్తాడు కంద కొనేశారు. వాళ్లావిడ అనురాధ వారం రోజులు కందపులుసే పెట్టింది.

ఈ మాటలేవీ వైస్ ప్రెసిడెంటు బ్రెంట్ చెవికెక్కవు. అతని లెక్కలో ఆఫ్రికా ఒకే దేశం, కోట్లాది ఒళ్లు, ఒకటే సబ్బు. "ఆఫ్రికా ఈజ్ ద నెక్స్ట్ ఇండియా" అని ఒక స్లైడు పట్టుకు తిరుగుతుంటాడు. అది పాత "ఇండియా ఈజ్ ద నెక్స్ట్ చైనా" స్లైడే. మ్యాపు మార్చి, ఏనుగు బొమ్మ అలాగే ఉంచేశాడు.

ఒక సోమవారం మీటింగులో ఆ బ్రెంట్ బాంబు పేల్చాడు. "వచ్చే నెల టీమంతా లాగోస్ వెళ్తోంది. అసలైన లాగోస్! రాలేనివాళ్ల ప్లేస్‌లో రాగలిగినవాళ్లని తీసుకుంటాం."

శ్రీవిద్య హెచ్‌వన్‌బీ వీసా స్టాంపింగ్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. దేశం దాటితే, మళ్లీ స్టాంపు పడేదాకా తిరిగి రావడానికి వీల్లేదు. ఇదే టీములో ఉండే జితేందర్, వాళ్లన్నయ్య పెళ్లికని హైదరాబాద్ వెళ్లి నెలల తరబడి ఇరుక్కుపోయాడు. ఈలోగా అతని కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఈ గోడు బ్రెంట్‌కి చెప్పుకుంటే తనని కూడా తీసేస్తాడేమోనని తలవంచుకుని నోట్సు రాసుకోసాగింది.

అప్పుడు మల్లికార్జునరావు గారు మెల్లగా లేచారు.

"బ్రెంట్, నేను రాలేను. ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ చేయించుకోవాలట. నాకు సూదంటే చచ్చేంత భయం. చూస్తే కళ్లు తిరుగుతాయి. చిన్నప్పుడు స్కూలుకి టీకాలవాళ్లు వస్తే గోడ దూకి పారిపోయాను."

గదంతా గొల్లున నవ్వింది.

"డైరెక్టరే రాకపోతే టీము వెళ్లి ఏం చేస్తుంది?" అన్నాడు బ్రెంట్ విసుగ్గా.

"ఎందుకు వెళ్లడం? చియోమా చెల్లెలు ఎనుగులోనే ఉంది. అక్కడివాళ్లనే ఓ నలుగురిని పెట్టుకుందాం. వాళ్లు చెప్తారు, మనం విందాం. ఖర్చు కూడా సగమే."

ఖర్చు సగం అనగానే బ్రెంట్‌కి అది తన ఐడియానే అనిపించింది. ప్రయాణం క్యాన్సిల్. మర్నాటి నుంచి ఆఫీసులో మల్లికార్జునరావు గారి పేరు సూదిరావు. ఎవరో ఆయన కుర్చీకి సిరంజి బొమ్మ కూడా అంటించారు. శ్రీవిద్య కూడా అందరితో కలిసి నవ్వింది. గండం గడిచిందన్న సంతోషంలో సున్నుండలు చుట్టుకుని, శనివారం ఆయన ఇంటికి భోజనానికి వెళ్లింది.

విస్తళ్లు వేశాక అనురాధ ఆయన షుగరుకి వాడే ఇన్సులిన్ పెన్ను తెచ్చిచ్చింది. ఆయన ఎనుగు కబుర్లు చెబుతూనే చొక్కా ఎత్తి, పొట్టలో కసుక్కున పొడుచుకున్నారు.

"సూదంటే భయమన్నారు కదండీ?" అంది శ్రీవిద్య.

"ఈయనకా! రోజూ రెండు పూటలా ఇదే పని" అంది అనురాధ. "ఆఫ్రికా చూడాలని ఎప్పట్నుంచో ఉబలాటం, సూట్‌కేసు కూడా కొనుక్కున్నారు. జితేందర్ ఇరుక్కుపోయాక అటకెక్కించేశారు. తను వెళ్తే మీ అందర్నీ లాక్కెళ్తారట. స్టాంపింగ్ లేనివాళ్ల గతేంటని..."

"అనూ, పప్పు వడ్డించు" అని ఆయన అడ్డుపడి, శ్రీవిద్య వైపు తిరిగారు. "అది ఆఫీసు సూదమ్మా. ఇది ఇంటి సూది. దీనికి భయం లేదు."

శ్రీవిద్యకి నవ్వూ వచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఏమనాలో తోచక, ఆయన అప్పటికే చెయ్యి పెట్టబోతున్న సున్నుండల డబ్బాని తన వైపు లాగేసుకుని మూత బిగించింది.

మల్లికార్జునరావు గారు లబోదిబోమన్నారు. "ఓసి నీ దుంపతెగ! ఇందుకా అమ్మా నీ ఉద్యోగం నిలబెట్టింది!"