పాటలో వదిలిన జాగా

నిన్న ఫర్వానియాలోని మా గదికి అల్లుడు, అంటే మా అక్క కొడుకు, కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితం మళ్ళీ కొట్టించుకుని మిఠాయి పొట్లంతో వచ్చాడు. "ఇదే లాస్టు మామా. ఈ ఒక్క ఇఖామా అయిపోతే ఖలాస్, ఊరికి పోతా" అన్నాడు. గదిలో అందరం నవ్వాం. కువైట్‌లో ఆ మాట అనని మనిషి లేడు. నేనూ నవ్వాను గానీ, మిఠాయి నోట్లో ఉండగానే మా పాటల దొర గుర్తొచ్చాడు.

అప్పట్లో నేను మిష్రిఫ్‌లో ఒక ఇంగ్లీషు బడికి వ్యాను తోలేవాణ్ణి. సాయంత్రం పంతుళ్ళను ఇళ్ళ దగ్గర దించితే, అందరికంటే చివర సబా అల్ సలేంలో దిగేవాడు సంగీతం చెప్పే దొర. నెత్తిన పెద్ద టోపీ, కాళ్ళకు ఎత్తు మడమల తోలు బూట్లు. నిప్పులు చెరిగే ఎండలోనూ అవే. వాళ్ళ దేశంలో ఎద్దులు కాసేవాడేమో అనుకున్నాను. తీరా అడిగితే ఇంగ్లాండులో బస్సు డ్రైవరు కొడుకట, ఎద్దును దగ్గరగా చూసిన పాపాన పోలేదు. ఆ వేషం ఆయన సంగీతానిది. అమెరికా పల్లెపాటలకు గిటార్ల హోరు కలిపితే కంట్రీ రాక్ అవుతుందట. చిన్ననాటి స్నేహితుడు పాడేవాడు, ఈయన గిటారు వాయించేవాడు. పాత వ్యానులో ఊరూరా తిరిగి, తాగుబోతుల మధ్య వాయించి, రెండు రికార్డులు తెచ్చి, ఒకసారి అమెరికా కూడా చూసొచ్చారు. ఇంతలో జనం మోజు మారింది, బ్యాండు చెదిరింది. ఒక్క ఏడాదికని కువైట్ వచ్చిన మనిషి, మా అందరిలాగే, జుట్టు నెరిసేదాకా ఉండిపోయాడు.

అప్పుడప్పుడు టీకి పిలిచి వాయించేవాడు. ఉన్నట్టుండి ఆపేసి, గోడకేసి చూస్తూ బూటుతో తాళం వేసి, మళ్ళీ అందుకునేవాడు. "మర్చిపోయారా సార్?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. పగలబడి నవ్వి, "అక్కడ వాడు పాడతాడయ్యా" అన్నాడు.

ఆ స్నేహితుడికి గొంతులో క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు పోతుంది. ఈలోగా వచ్చెయ్, ఒక్క పాట కలిసి రికార్డు చేద్దాం అని ఫోన్ చేశాడు. దొర పెట్టె సర్దాడు కూడా. కానీ బడిలో పరీక్షలు, పైగా ఇఖామా గడువు దగ్గరపడింది. అది కొట్టించుకుని వెళ్తే నిశ్చింత అనుకున్నాడు. గల్ఫులో ఎవరైనా అదే అనుకుంటారు. ఇఖామా వచ్చింది. అక్కడ డాక్టర్లు ఆగలేదు, అనుకున్నదానికంటే ముందే ఆపరేషను చేసేశారు.

కొన్నాళ్ళకు నేనక్కడ టీ తాగుతుండగా ఫోన్ మోగింది. అవతల మాట లేదు. దొర ఫోను బల్లమీద పెట్టి గిటారు అందుకున్నాడు. ఎప్పటిచోటే ఆగాడు. ఆ నిశ్శబ్దంలో అవతల వేళ్ళతో బల్లమీద తాళం వేస్తున్న చప్పుడు వినబడింది. దొర టోపీని ముఖం మీదికి లాక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పాటలో ఒక్క మాట నాకు తెలియదు, ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ఇక వినలేననే బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ ఇఖామా పూర్తికాకముందే ఆయన వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో నేనే దించాను. "యల్లా సార్, లేటవుతుంది" అంటే, "అది ఎప్పుడో అయిపోయిందిలే" అన్నాడు.

ఇదంతా అల్లుడికి చెబుతుంటే వాడికి ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. వాడి కూతురు బడిలో నేర్చిన పాట పాడుతోంది. నెట్ సరిగా లేక మధ్యమధ్యలో తెగిపోతోంది. "సరిగ్గా ఇనపడల్యా తల్లీ, వచ్చే ఏడు నేనొచ్చినప్పుడు పాడుదువులే" అన్నాడు. వచ్చే ఏడు తప్పకుండా వస్తుంది. ఆ పాట మాత్రం ఈ ఏడుదే.