పాతపట్నం సంతలో ఒక వాక్యం కోసం

పాతపట్నానికి నేను రెండోసారి వెళ్ళింది ఒకే ఒక్క వాక్యం కోసం. పొరుగూరి రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు పోలమ్మ అనే మత్స్యకార స్త్రీ దగ్గర ఎండుచేపలు కొనకపోవడానికి కులమే కారణమని నా పీహెచ్‌డీ అధ్యాయంలో రాశాను. (పోలమ్మ అసలు పేరు అది కాదు.) మా గైడు గారు ఆ వాక్యం కింద గీత గీసి, “కొనలేదన్నది నువ్వు చూశావు. ‘కులమే’ అన్నది ఎక్కడ చూశావు?” అని తిప్పి పంపారు. అది తేలేదాకా సంతకం పెట్టరట. నెలాఖరులోగా సంతకం పడకపోతే నా థీసిస్ గోవిందా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కనపడే దానికి కూడా రుజువు కావాలా?

రాష్ట్రం విడిపోయిన ఏడాది అది. విజయనగరంలో పొద్దున్నే పాసింజరు ఎక్కి, ఆమదాలవలసలో దిగాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషనంటే అదే. షేర్ ఆటోలో శ్రీకాకుళం బస్ కాంప్లెక్సుకి చేరి, ఇడ్లీ తిని ఏడున్నర బస్సు పట్టుకున్నాను. మీరు వెళ్తే టిఫిను అక్కడే కానిచ్చేయండి, దారిలో బస్సు ఎక్కడా సరిగ్గా ఆగదు.

పక్క సీట్లో పెద్దాయన నా సంచీ వంక, చేతిలోని పెన్ను వంక చాలాసేపు చూశాడు.

“సంతకేటమ్మా? ఏటి కొంతావు?”

“ఏమీ కొనను. చూడ్డానికి వెళ్తున్నాను.”

“సూసీసి?” అన్నాడు. నేను తడబడేసరికి ఆయన అనుమానం ముదిరింది. “సర్వే వోలివా ఏటి? రేషను కార్డులు పీకేత్తారా?”

కాదు మొర్రో అన్నా నమ్మలేదు. తరవాతి స్టాపులో వెనక సీటుకి మారిపోయాడు.

తొమ్మిదిన్నర దాటాక సంతలోకి వెళ్ళాను. పోలమ్మ తన చోటే కూర్చుని ఉంది, ముందు ఎండు సావిడాయి చేపల బుట్ట. పక్కనే ఇంకొకామె ఎండుచేపల బుట్ట. కాసేపటికి అప్పలనరసమ్మ, ఆమె తోటికోడళ్ళు వచ్చారు. మొదటిసారి నేను చూసిన రైతుల ఇళ్ళవాళ్ళు వీళ్ళే. పోలమ్మ దగ్గర ఆగారు, నవ్వారు, పిల్లల కబుర్లు అడిగారు. ఆపైన ఒకడుగు జరిగి పక్క బుట్టలోంచి సంచీనిండా కొన్నారు. చూశారా గైడు గారూ అనుకున్నాను.

అప్పుడు తట్టింది, క్రితంసారి నేను అడగని ప్రశ్న. ఆ పక్క బుట్ట ఆమె ఎవరు?

“మా పెదనాన కూతురు,” అంది పోలమ్మ. “మాదొకటే ఊరు.”

అంటే ఒకటే కులం. నా ‘కులమే’ అక్కడికక్కడే కూలిపోయింది. ఒక ముక్క అడిగి ఉంటే మొదటిసారే తేలిపోయేది కదా అని నా మీద నాకే చిరాకేసింది. సిగ్గు విడిచి అప్పలనరసమ్మనే అడిగాను, పోలమ్మ దగ్గర ఎందుకు కొనరని.

“ఈమి నా నేస్తం,” అందామె. “అమ్మోరి పండక్కి కోక ఎట్టి నేస్తం కట్టుకున్నాం. నాను కొంటే డబ్బులు ముట్టదు. ఊరికినే తినేత్తామా దాని కష్టం? అందికే పక్కకెల్తాం.”

ఇటువైపు నేస్తం అంటే వట్టి స్నేహం కాదు. కులం వేరైనా బట్టలు పెట్టుకుని, బతికినన్నాళ్ళూ చుట్టాల్లా మసలుకునే కట్టుబాటు. ఎంత చక్కటి జవాబు! అధ్యాయం మొత్తం తిరగరాసేయొచ్చు. కానీ మొదటి జవాబు కూడా నాకు ఇంత సులువుగానే దొరికింది. అందుకే దీన్నీ నమ్మబుద్ధి కాలేదు.

ఎండ ముదిరాక సంత పలచబడింది. తిరుగు బస్సులో పోలమ్మ పక్కనే కూర్చున్నాను. ఆమె బుట్ట సగానికి పైగా అలాగే ఉంది. కండక్టరు దాన్ని టాపు మీద పెట్టించాడు.

“మీ నేస్తం ఇంటికి వెళ్తుంటారా?” అనడిగాను.

“ఎల్తానమ్మా. కడుపునిండా అన్నం ఎడతాది.”

“ఎక్కడ కూర్చుని తింటారు?”

“అరుగు మీద. సల్లగా గాలొస్తాది.”

“లోపల గాలి రాదా?”

“లోపలెలాగుంతాదో నాకేటి తెల్సు?” అంది మామూలుగానే.

“మరి ఆవిడ మీ ఇంటికొస్తే?”

“వస్తాది. తినదు. ఎండుసేపల వాసన పడదంట.”

పొద్దున్న ఆవిడ సంచీనిండా కొన్నది ఎండుచేపలే. నేను గబగబా పుస్తకం తీశాను. పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఇది రాస్తావేటి? రాయకమ్మా. ఆ ఊర్లో నాకు అన్నం ఎట్టేది ఆ ఒక్క ఇల్లే.”

“పేర్లు మార్చేస్తాను.”

“మారిస్తే ఆమికి తెలీదేటి?”

నేను పుస్తకం మూసేశాను. శ్రీకాకుళంలో ఆమె దిగి, బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం రైలు గంట ఆలస్యం. థీసిస్సులు ఎవరు చదువుతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఆ మాటా నమ్మలేదు. చీపురుపల్లి దాటాక పాత వాక్యం కొట్టేసి, కింద రెండు రాశాను. ఆ నేస్తం ఆమెకు అన్నం అరుగు మీదే పెడుతుంది. ఆ ఊళ్ళో ఆమెకు అన్నం పెట్టేది ఆ నేస్తం ఒక్కతే. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా నేను రాసింది అబద్ధమే అవుతుంది.