ఇయ్యాల గూడ మారలే

ఎనిమిదేళ్లుగా ఒక నోటుబుక్కు నా బీరువాలో బట్టల కింద ఉంది. దాన్ని చింపలేను, ఎవరికీ చూపలేను. నా భార్య ఒకసారి చూసి ఏమిటని అడిగితే పాత రికార్డు అన్నాను. అబద్ధం కాదు. కానీ ఎవరిదో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే నోరు పెగిలింది.

వర్ని దారిలో ఒక బడిలో నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. గంగామణి తొమ్మిదో తరగతి. మోస్రా ఊరి పిల్ల. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డా వాళ్ల బాపు వరితో పాటు ఇంకా కాస్త చెరకు వేసేవాడు. ఆ పిల్లకు ఒక రోగం ఉండేది: చూసిందే రాసేది. లోలకం ప్రయోగంలో పుస్తకంలోని జవాబు రాకపోతే మిగతావాళ్లంతా పక్కవాళ్లది చూసి దిద్దుకునేవాళ్లు. ఈమె "నాకు గిదే వచ్చింది సార్" అని అలాగే పెట్టేది. నాకు చిరాకు. ఎందుకు చిరాకు? చదువుకునే రోజుల్లో నేనూ జవాబు ముందు రాసి, రీడింగులు వెనక పుట్టించినవాణ్ణే. నాకు నేర్పినవాళ్లూ అంతే. దాన్ని మేం మోసం అనుకోలేదు, రికార్డు రాయడం అనుకున్నాం.

నిజామాబాద్‌లో జిల్లా సైన్స్ ఫెయిర్ వచ్చింది. అందరూ పెట్టే గాలిమర కాకుండా కొత్తది పెట్టాలని నాకు తీట. కప్పా సెటి అనే నక్షత్రం గురించి చదివాను. ముప్పై కాంతి సంవత్సరాల దూరం, అంటే నక్షత్రాల లెక్కలో పొరుగిల్లే. బరువూ వేడీ దాదాపు మన సూర్యుడివే. కానీ వయసులో చాలా చిన్నది, అందుకే గిర్రున తిరుగుతుంది. సూర్యుడికి ఒక చుట్టుకు ఇరవై అయిదు రోజులు పడితే, దీనికి తొమ్మిది చాలు. ఒంటి మీద పెద్ద పెద్ద మచ్చలు. మచ్చల వైపు మనకేసి తిరిగినప్పుడు వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? ఆ వాక్యం దాకా నేను చదవలేదు. సగంలో మూసేశాను.

బడి బైనాక్యులర్ గంగామణికిచ్చి, రోజూ పొద్దుగూకినాక వాళ్ల డాబా మీద నుంచి చూసి, పక్క చుక్కలతో పోల్చి వెలుగు ఎంతుందో రాయమన్నాను. జనవరి చలిలో పందొమ్మిది సాయంత్రాలు ఎక్కింది. నోటుబుక్కులో ప్రతి తేదీ కింద పెన్సిలుతో ఒకటే మాట: "ఇయ్యాల గూడ మారలే." ఒక్కరోజు మాత్రం "మంచు కమ్మింది, సుక్క కనవడలే."

ఫెయిర్ రెండు రోజులుందనగా అది చూసి నాకు ఒళ్లు మండింది. మారలేదని పెడితే ఎవడు చూస్తాడు? తొమ్మిది రోజులకోసారి పడి లేచే అంకెలు నేనే వేశాను. మంచు కమ్మిన రోజుకూ వేశాను. వాటిని కొత్త పుస్తకంలో ఆమె చేతే రాయించాను. పెన్సిలు నోటుబుక్కు నా దగ్గరే ఉంచేసుకున్నాను.

"నాకు గిట్ల కనవడలే గద సార్?"

"మారుతదని పుస్తకంల ఉందా లేదా? నీ కండ్లే సక్కగ సూడలే. రాయి."

రాసింది.

ఫెయిర్‌లో జడ్జిగా వచ్చిన పెద్దావిడ ఆ గ్రాఫు మీద వేలు పెట్టింది. ఈ నక్షత్రం వెలుగు మారేది వందలో మూడు నాలుగు పాళ్లే, బైనాక్యులర్‌తో ఏ కన్నూ దాన్ని పట్టలేదు అంది. "నిజంగ చూసినవా బిడ్డా?" అని అడిగింది. గంగామణి నా వైపు చూసింది. హెడ్మాస్టరూ నా వైపే చూశాడు.

"నాకు తెల్వది మేడం. ఆమెనే రాసుకొచ్చింది."

ఆ మాట నాదే. ఆ పిల్ల తల వంచుకుని, "అవ్ మేడం, నేనే రాసిన" అంది.

నన్ను కాపాడిందా? భయపడిందా? రాసిన చెయ్యి తనదే కాబట్టి అప్పుడు కూడా ఉన్నదే చెప్పిందా? తెలియదు, అడగలేదు. ఒకటి మాత్రం అక్కడే, ఆ బల్ల ముందే అర్థమైంది. కంటికి ఏ మార్పూ కనబడకూడదు. అంటే పెన్సిలుతో ఆమె రాసిందే సరైన ఫలితం. తిరుగు బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుంది. ఆ ఒక్క ముక్క ఆమె చెవిలో వేయడానికి ఏమైంది నాకు? సిగ్గు. చెబితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? బడిలో పిల్లలు "దొంగ సుక్కల గంగామణి" అని ఏడిపిస్తుంటే వినీ విననట్టు బోర్డు మీద రాసుకుంటూ పోయాను. తర్వాతి నెల లోలకం ప్రయోగంలో ఆమె పక్కపిల్లది చూసి జవాబు దిద్దుకుంది. అదీ చూశాను.

మొన్న చొక్కా గుడ్డ కోసం నిజామాబాద్‌లో ఒక దుకాణానికి పోతే, బల్ల వెనక గంగామణి. "మంచిగున్నరా సార్?" అని నవ్వింది. రెండున్నర మీటర్లు కొలిచింది. మళ్లీ కొలిచింది. మూడోసారీ కొలిచి, కత్తెర పక్కన పెట్టి, తోటి అమ్మాయిని పిలిచింది.

"అక్కా, జర నువ్వు సూడవా. నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు."

ఆ అమ్మాయి అలవాటుగా వచ్చి కొలిచింది. రోజూ ఉండేదే కాబోలు. కొలత సరిగ్గానే ఉంది. డబ్బులిచ్చి బయటపడ్డాను. ఆ గుడ్డ ఇంకా కుట్టించలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ధైర్యం నాకింకా రాలేదు. ఇది ఉత్త రికార్డు, ఈసారి ఉన్నది ఉన్నట్టు. గంగామణి కళ్లు బాగున్నాయి. పద్దెనిమిది సాయంత్రాలు చుక్క మారలేదు. ఒక సాయంత్రం మంచు. అంకెలన్నీ నావి.