హామ్‌స్టర్‌కౌఫ్ గ్రూబె గారు

ఏ మాట చెవిన పడినా దాని తాతముత్తాతల్ని తవ్వి తీయందే ఓట్‌మార్ గ్రూబె గారికి పూట గడిచేది కాదు. యుద్ధం ముగిశాక రెండో చలికాలంలో, హిల్డెస్‌హైమ్ స్టేషన్ గేటు దగ్గర పోలీసు వెస్సెల్‌తో ఆయన గెలిచిన దెబ్బలాట నా కళ్లారా చూశాను.

"సంచి విప్పు. హామ్‌స్టర్‌కౌఫ్ చేసొచ్చావు కదూ?" అన్నాడు వెస్సెల్.

హామ్‌స్టరంటే గింజలు బుగ్గల్లో కుక్కుకునే పొలం ఎలుక, కౌఫంటే కొనుగోలు. పల్లెలకు పోయి, దుప్పట్లిచ్చి దుంపలు తెచ్చుకునే మాబోటివాళ్ల పనికి పెట్టిన పేరది. దొరికితే మూట పోలీసులపాలే.

"కౌఫ్ అన్న మాట ఎవరింట పుట్టిందో తెలుసా బాబూ? రోము సారాకొట్టువాడి ఇంట. నా దగ్గర సారా వాసన వస్తోందా, చూడు. ఇక ఎలుక సంగతికొస్తే, అది తూర్పున స్లావుల దగ్గర్నించి నడుచుకుంటూ వచ్చింది..."

ఆ ఎలుక ఎల్బె నది దాటేసరికి వెస్సెల్ మొహం వేలాడేసి సంచి లాక్కుని చూశాడు. ఖాళీ. పోవయ్యా అని చేతులెత్తేశాడు.

ఊరు సగం రాళ్లకుప్ప. మిగతా సగంలో ఆకలి. అయినా ఈయన తీరు మారదు. ఒకరి అంత్యక్రియల్లో పాస్టరు గారు శవపేటికను సార్గ్ అనగానే అందుకుని, ఆ మాట మూలానికి గ్రీకులో మాంసం తినేదని అర్థమని మొదలుపెట్టాడు. మోసేవాళ్లు మంచులో కొయ్యబారిపోయారు. "పోన్లెండి, దానికైనా తిండి దొరికింది" అంది పోయినవాడి పెళ్లాం.

రైలెక్కి పల్లెకు పోయి ఖాళీ సంచితో దిగే మనిషిని పిచ్చివాడనక ఏమంటాం?

ఫిబ్రవరిలో ఒకనాడు గేటు దగ్గర ఆయన లేడు. వెస్సెల్ తీరిగ్గా అందరి మూటలూ లాక్కున్నాడు. నా పెళ్లి దుప్పట్లకు వచ్చిన దుంపలు, నా ఇద్దరు పిల్లల తిండి, పోలీసు బండెక్కాయి. అన్నాళ్లూ ఆ గేటు ఎలా దాటామో అప్పుడు అర్థమైంది.

మండిపోతూ ఆయన ఇంటికి పోయాను. కూలిన ఇంటి కింది నేలమాళిగలో జ్వరంతో మూలుగుతున్నాడు. గొంతు పూర్తిగా పోయింది.

"మీరొక్కపూట నోరు మూస్తే ఊరంతా పస్తేనా గ్రూబె గారూ?" అన్నాను.

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గరికి రమ్మని గుసగుసగా చెప్పాడు: "రేపటి రైలుకి నా బదులు నువ్వెళ్లు గెర్లిండె."

"అక్షరమ్ముక్క రానిదాన్ని. ఆ మాటల పుట్టుకలన్నీ నేనెక్కడ తెచ్చేది?"

"వాటిలో సగం నేను అల్లినవేనమ్మా. నీ నోటికి జడిసి మీ వీధి కసాయి దారి మళ్లుతాడట కదా. వెస్సెల్‌తో ఏదో ఒక తగువు పెట్టుకో. చివరి ఆడమనిషి గేటు దాటేదాకా మాత్రం ఆపకు."